ఫ్లాంక్ స్టీక్ నల్లగొండలో ఎక్కడ దొరుకుతుంది సార్?

సంపాదకులు గారికి నమస్కారం.

నెల రోజుల కింద మీ ఆదివారం పుస్తకంలో ‘ఇంట్లోనే బీఫ్ టెరియాకి స్క్యూయర్స్’ అని ఒక జపాన్ వంట వేశారు. అర పేజీ ఫోటో, పుల్లలకు గుచ్చిన మాంసం ముక్కలు తేనె పూసినట్టు మెరుస్తున్నాయి, మీద నువ్వులు, పక్కన ఉల్లికాడలు. దాని గురించే ఈ ఉత్తరం. పొగడడానికి కొంత, అడగడానికి ఎక్కువ.

నేను టైలర్‌ని. నల్లగొండలో గడియారం సెంటర్‌కి నడిచి పోయేంత దూరంలో చిన్న షాపు నాది, బ్లౌజులు, ఫాల్స్, పికో. మీ పేపర్ మేము వేయించుకోం, మేము కిరాయికి ఉండే ఇంటి ఓనరమ్మ వాళ్లు వేయించుకుంటారు. వాళ్లు చదివాక సాయంత్రం మెట్ల మీద పెడతారు, నేను తీసుకొచ్చుకుని వంటల పేజీ కత్తిరించి పాత కొలతల పుస్తకంలో దాచుకుంటాను. ఆ రోజు మాత్రం ఓనరమ్మే పేపర్ పట్టుకుని షాపు దగ్గరికి వచ్చింది. “ఇది చూడు, ఎంత బాగుందో, ఇలాంటివి మనకెందుకు రావు” అని ఫోటో చూపించింది. ఆమె చూసింది ఫోటోనే, పైన పేరు చదవలేదు. చదివినా అర్థం అయ్యేది కాదేమో, అంతా ఇంగ్లీషు పేరే కదా. నేను “బాగుందమ్మా” అని ఊరుకున్నాను.

నాకు మాత్రం అర్థమైంది. అది పెద్దకూర. మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ తినే కూర. మీ వంటల పేజీ ఆరేళ్లుగా కత్తిరిస్తున్నాను, అందులో మటన్ దమ్ ఉంది, నాటుకోడి ఉంది, కొర్రమీను పులుసు ఉంది, రొయ్యలు అయితే లెక్కే లేదు. పెద్దకూర నాకు ఒక్కసారి కూడా కనపడలేదు. ఇప్పుడు వచ్చింది, అదీ జపాన్ చుట్టూ తిరిగి, ఇంగ్లీషు పేరు తగిలించుకుని. అయినా సంతోషమే, ఎట్లనో ఒకట్ల వచ్చింది కదా అనుకున్నాను. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, సెలవులకు వచ్చి ఉంది, “అమ్మా ఇది చేద్దాం” అని పట్టుబట్టింది.

చేయడం మొదలుపెట్టాక తెలిసింది సార్, అది ఎక్కడి నుంచో ఎత్తి తెలుగులో పోసిన వంట అని. ‘ఫ్లాంక్ స్టీక్ ఐదు వందల గ్రాములు’ అట, అంటే పశువు పొట్ట దగ్గరి మాంసం. ‘మిరిన్ అర కప్పు, సాకే పావు కప్పు’ అట. ‘గ్రిల్ పాన్ మీద రెండు వైపులా రెండేసి నిమిషాలు, లోపల ఎర్రగా ఉండగానే తీసేయాలి’ అట. రాసినవాళ్లు నల్లగొండలో కాదు కదా, హైదరాబాద్‌లో కూడా ఒక్కసారి పెద్దకూర దుకాణం మెట్టు ఎక్కలేదని నేను పందెం వేస్తాను.

ముందు మాంసం సంగతి. దుకాణం భాయ్‌ని పొద్దున ఆరింటికే వెళ్లి అడిగాను, “మెత్తటి ముక్క కావాలి, కాల్చుకోవడానికి” అని. “అండర్‌కట్ కావాల్నా అమ్మా? అది హోటలోళ్లు రాత్రే చెప్పిపెట్టుకుంటరు, నీకేం మిగులుతది” అన్నాడు. మిగిలింది రాన్, అంటే తొడ. తొడ మాంసం మంచిదే, కొవ్వు తక్కువ, కానీ మన దగ్గర దొరికేది ఏ పశువు మాంసమో రాసేవాళ్లు ఆలోచించాలి కదా. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ఒకటి ఉంది, దాని ప్రకారం ఆవునూ, దూడలనూ కోయకూడదు, బర్రె దూడను కూడా కోయకూడదు. మిగిలిన పశువులు పాలకు గానీ, పనికి గానీ, ఈతకు గానీ పనికిరావని అధికారి సర్టిఫికెట్ ఇచ్చాకే కోయాలి. అంటే ఏంటి? మన సంచిలోకి వచ్చేది ఎక్కువగా ఈతలన్నీ అయిపోయిన బర్రె, లేకపోతే వయసు మళ్లిన దున్నపోతు. అమెరికాలో మాంసం కోసమే పెంచి, మక్కలు పెట్టి, రెండేళ్లు అటూ ఇటూగా ఉన్నప్పుడే కోస్తారని మా అమ్మాయి చదివి చెప్పింది. ఆ లేత పశువు ముక్కకు రాసిన రెండు నిమిషాలు ఈ ముసలి బర్రె తొడకు ఎట్ల సరిపోతాయి?

మొదటిసారి మీరు రాసినట్టే చేశాను. మా ఇంట్లో కాదు, ఆ కారణం తర్వాత చెప్తాను. నకిరేకల్ దగ్గర మా తల్లిగారి ఊర్లో చేశాను. గ్రిల్ పాన్ లేదు కాబట్టి దోసె పెనం. ముక్కలు వేయగానే నీళ్లు ఊరాయి, కాలాల్సింది పోయి ఉడకడం మొదలుపెట్టాయి, ఆ నీళ్లు ఇంకేసరికి సాస్‌లో ఉన్న చక్కెర అంతా మాడి పెనం మీద రోడ్డు తారులా అంటుకుంది. ముక్క నోట్లో పెట్టుకుంటే మా తమ్ముడు చాలాసేపు నమిలి, “అక్కా, ఇది చెప్పు కుట్టుకోను పనికొస్తది” అన్నాడు. పెనం గీకడానికి మా మరదలికి అరగంట పట్టింది, ఆ అరగంటా ఆమె మాట్లాడలేదు.

రెండోసారి బొప్పాయి పెట్టాను. పచ్చి బొప్పాయి తోలుతో నూరి మాంసానికి పట్టిస్తే మెత్తబడుతుందని మన దగ్గర ఎవరిని అడిగినా చెప్తారు, హైదరాబాద్ కబాబులన్నీ దాని మీదే నడుస్తాయి. దాంట్లో పాపైన్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది, మాంసం పోగుల్ని అదే కరగదీస్తుంది. నేను తెలివి ఎక్కువై, ముసలి మాంసం కదా అని, రెండు గరిటెలు వేసి రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే మాంసం లేదు, పిండి ఉంది. పుల్లకు గుచ్చితే జారిపోతుంది. దాన్ని ఉల్లిగడ్డ, శనగపిండి కలిపి వడల్లా కాల్చుకున్నాం, బాగానే ఉన్నాయి, కానీ అవి టెరియాకి కాదు.

మూడోసారి కుదిరింది. అది ఎట్ల కుదిరిందో రాస్తున్నాను, జాగా ఉంటే వేయండి, లేకపోతే కనీసం మీ వంటల పేజీ రాసేవాళ్లకైనా ఇవ్వండి.

దుకాణంలో ‘బోన్‌లెస్’ అని అడగకండి, చేతికి వచ్చినట్టు కొట్టి ఇస్తారు. ‘రాన్‌లో పసందే కొట్టు భాయ్’ అనాలి. పసందే అంటే పల్చగా, వెడల్పుగా బిళ్లల్లా కోయడం, ఆ పనిలో వాళ్లను మించినవాళ్లు లేరు. పైన ఉండే తెల్లపొర తీయించుకోవాలి, అది నిప్పు మీద ముడుచుకుంటుంది, ముక్కను కూడా ముడుస్తుంది. ఇంటికి తెచ్చిన రోజే వండకూడదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, రెండుసార్లు చెడగొట్టుకున్నాక భాయే చెప్పాడు. కోసిన కొన్ని గంటలకు మాంసం బిగుసుకుంటుంది, ఆ బిగుసుకున్నప్పుడే మనం తెచ్చి పొయ్యి మీద పెడతాం. ఒక రోజు ఫ్రిజ్‌లో, మూతపెట్టి, కింది అరలో ఉంచితే సడలుతుంది. కూర వండితే ఈ తేడా తెలియదు, కుక్కర్ విజిల్స్ అన్నీ కప్పేస్తాయి. నిప్పు మీద ఐదు నిమిషాల్లో కాల్చేదానికి ఏదీ కప్పదు.

ఇక కోత. ఇక్కడ నా పని నాకు అక్కరకు వచ్చింది. బట్టకు నిలువు పోగు, అడ్డ పోగు ఉన్నట్టే మాంసానికీ పోగు ఉంటుంది. ఫ్రీజర్‌లో గంటసేపు పెట్టి సగం గట్టిపడ్డాక బయటికి తీసి వెలుతురులో చూస్తే గీతలు కనపడతాయి, కాటన్ చీర మీద నేత కనపడినట్టు. ఆ గీతలకు అడ్డంగా కత్తి పెట్టాలి. నిలువుగా కోస్తే ఒక్కో పోగు ముక్కంత పొడుగు ఉంటుంది, పళ్లు దాన్ని తెంపలేవు. అడ్డంగా కోస్తే పోగులన్నీ పొట్టిపొట్టిగా తెగిపోయి ఉంటాయి కాబట్టి మనం నమిలే పని సగం కత్తే చేసేస్తుంది. భాయ్ కొట్టిచ్చిన పసందేలో పోగు ఒక్కోసారి నిలువుగా వస్తుంది, అప్పుడు ఆ బిళ్లను తిప్పి పెట్టుకుని రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా అడ్డంగా కోసుకోవాలి. నేను బ్లౌజు చేతులకు క్రాస్ తీసినట్టు కొద్దిగా ఏటవాలుగా కోశాను, ముక్క వెడల్పుగా వచ్చింది, పుల్లకు మడతలు మడతలుగా గుచ్చడానికి వీలైంది.

మా అమ్మ ఇది చూసి ఒక మాట అన్నది. “తునకలకైతే గిట్ల కొయ్యం బిడ్డా, గీతెంబడే పొడుగ్గ కోస్తం” అని. నిజమే. మా అవ్వ తునకలు కోసేటప్పుడు ఉప్పు, పసుపు రాసి, పోగు వెంటే మూరెడు మూరెడు పట్టీలు తీసి దండెం మీద ఆరేసేది, పోగు తెగకుండా ఉంటేనే అవి తెగి కింద పడకుండా వేలాడతాయి. ఎండి కట్టెల్లా అయ్యాక కుండలో దాచేది. వానాకాలం పనులు లేనప్పుడు అవే కూర, గోంగూరలో వేస్తే ఇల్లంతా వాసన. పిల్లలం అడిగితే పొయ్యిలో నిప్పులు ముందుకు లాగి వాటి మీద ఒక తునక కాల్చి, రాతి మీద దంచి చేతిలో పెట్టేది. కాల్చిన పెద్దకూర అంటే నాకు అదే. పుల్లకు గుచ్చకపోయినా, సాస్ లేకపోయినా. మీరు ఎప్పుడైనా దీన్ని అర పేజీలో వేస్తారా సార్?

సాస్ సంగతికి వస్తాను. టెరియాకి అనే మాటలో ‘తెరి’ అంటే మెరుపు, ‘యాకి’ అంటే కాల్చినది అట. మెరుపు చక్కెర వల్ల వస్తుంది. జపాన్‌లో సోయా సాస్, మిరిన్, సాకే, చక్కెర కలిపి కాస్తారు. మిరిన్ అంటే బియ్యంతో చేసే తియ్యటి సారాయిలాంటిది, సాకే కూడా బియ్యం పులియబెట్టి చేసేదే. రెండూ నల్లగొండలో దొరకవు, సూపర్ మార్కెట్‌లో అడిగితే ఆ పిల్లగాడు షాంపూలు ఉన్న వరస చూపించాడు. నేను తాటిబెల్లం వాడాను. అర కప్పు సోయా సాస్‌కు అర కప్పు నీళ్లు, పావు కప్పు కంటే కొంచెం తక్కువ దంచిన తాటిబెల్లం, బొటనవేలంత అల్లం తురిమి పిండిన రసం, నాలుగు ఎల్లిపాయలు చితక్కొట్టినవి, చివర్లో ఒక చెంచా వెనిగర్. సన్నటి మంట మీద గరిటెకు పట్టేదాకా కాచాలి, ఏడెనిమిది నిమిషాలు. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కాబట్టి తేనెలా అయ్యేదాకా ఉంచకండి. ఉప్పు అస్సలు వద్దు, సోయా సాస్‌లోనే చాలినంత కంటే ఎక్కువ ఉంది. ఫ్రైడ్ రైస్ బండ్ల దగ్గర కనపడే నల్లటి చిక్కటిది డార్క్ సోయా, అది రంగు కోసం. అదొక్కటే వాడితే నల్లగా, చేదుగా అవుతుంది. పల్చటిది, లైట్ సోయా అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి.

సాకే బదులు ఏం పోద్దామా అని ఆలోచిస్తుంటే మా చిన్నాయన అరుగు మీద నుంచి “దానికి అంత టెన్షన్ ఎందుకు బిడ్డా, గింత కల్లు పొయ్యి” అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది, వాళ్లది పులిసిన బియ్యం నీళ్లు, మనది పులిసిన తాటి నీళ్లు. ఒక చిన్న గ్లాసు తాటికల్లు మాంసం నానబెట్టే దాంట్లో పోశాను. కొద్దిగా పులుపు వచ్చింది, బాగుంది, పచ్చి వాసన తగ్గింది. మిగతా సీసా చిన్నాయన చూసుకున్నాడు.

కిలో మాంసానికి నానబెట్టేది ఇంతే: మూడు చెంచాల సోయా సాస్, అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఒక చెంచా, నూనె ఒక చెంచా, ఆ కల్లు, ఓ రెండు గంటలు. పచ్చి బొప్పాయి ముద్ద ఒక్క చెంచానే, అదీ చివరి గంటలో మాత్రమే కలపాలి. పైనాపిల్ వేయొచ్చని కొందరు అంటారు, పచ్చి పైనాపిల్ అయితే అదీ మెత్తబరుస్తుంది, డబ్బాలో వచ్చేది మాత్రం వేడి చేసి నింపుతారు కాబట్టి దాంట్లో ఆ గుణం చచ్చిపోయి ఉంటుంది, తీపి ఒక్కటే మిగులుతుంది. ఇంకొకటి, పచ్చి మాంసం నానిన నీళ్లను కాల్చేటప్పుడు పైన పూయకండి. ఫోటోలో బాగా కనపడాలని మీరు రాసిన వంటలో ‘మిగిలిన మారినేడ్‌ను బ్రష్‌తో పూయాలి’ అని ఉంది. పచ్చి మాంసంలో ఉన్న క్రిములన్నీ కాలిన ముక్క మీదికి ఎక్కుతాయి కదా. పూసే సాస్ వేరే గిన్నెలో వేరేగా ఉండాలి. అట్లాగే ‘లోపల ఎర్రగా ఉండగానే’ అన్నది కూడా ఇక్కడ వద్దు. మన మాంసం కోత దగ్గర నుంచి సంచి దాకా ఐస్ ముఖం చూడదు, ఎండలో, ఈగల్లో కొక్కేనికి వేలాడుతుంది. పూర్తిగా కాల్చండి, ఒక ముక్క చీల్చి చూసుకోండి. పల్చగా అడ్డంగా కోసిన ముక్క పూర్తిగా కాలినా గట్టిపడదు.

పుల్లల దగ్గర కొంచెం గొడవ అయింది. వెదురు పుల్లలు కట్ట దొరుకుతాయి, అరగంట నీళ్లలో నానబెడితే అంటుకోవు. మేము మర్చిపోయి తీసుకెళ్లలేదు. మా తమ్ముడు సైకిల్ షాపుకి పోయి పాత సైకిల్ పుల్లలు పదిహేను పట్టుకొచ్చాడు, కడిగి తుడిచి మరీ. నేను వద్దన్నాను. ఆ మెరుపు పూతది, జింకో నికెలో, అది నిప్పు మీద ఏమవుతుందో మన కడుపులోకే పోతుంది. “ఎంతమంది చేస్తలేరక్కా” అన్నాడు. చేస్తున్నారు, నేనూ చూశాను. అయినా వద్దు. చివరికి వెల్డింగ్ షాపులో సన్నటి స్టీల్ ఊచలు మూరెడు మూరెడు కోయించుకొచ్చాడు, ఇప్పుడవి మా అమ్మ దగ్గర అటక మీద ఉన్నాయి.

మంటకు గ్రిల్లూ పాడూ ఏం అవసరం లేదు. మట్టి మోసే ఇనుప తట్టలో బొగ్గులు, అటూ ఇటూ రెండు వరసల ఇటుకలు, ఆ ఇటుకల మీద ఊచల కొనలు ఆనించడమే, మధ్యలో మాంసం గాల్లో ఉంటుంది. కింద జాలీ లేదు కాబట్టి అంటుకునేది లేదు, తిప్పడం సులువు. సీక్ కబాబ్ వాళ్లు చేసేది ఇదే. బొగ్గులు ఇస్త్రీ అతని దగ్గర తీసుకున్నాం, సర్కారు తుమ్మ బొగ్గు, మన జిల్లాలో దానికి కొదువ లేదు, చెరువు గట్టు మీద, బీడు మీద ఎక్కడ చూసినా అదే చెట్టు. దేనికీ పనికిరాదని అందరూ తిడతారు గానీ దాని నిప్పు చాలాసేపు నిలబడుతుంది. మంట లేస్తున్నప్పుడు పెట్టకూడదు, బొగ్గుల మీద తెల్లటి బూడిద పట్టి, చెయ్యి జానెడు పైన పెడితే నాలుగు లెక్కపెట్టేలోపు లాక్కోవాలనిపించేంత వేడి ఉన్నప్పుడు పెట్టాలి. మొదట సాస్ లేకుండా అటు మూడు, ఇటు మూడు నిమిషాలు. ఆ తర్వాతే సాస్. ఉల్లికాడలు నాలుగు కట్టగా కట్టి దాంతోనే పూశాను, బ్రష్ ఎందుకు. పూయడం, తిప్పడం, మళ్లీ పూయడం, ఒక్కో వైపు నిమిషం లోపే. ముందే పూస్తే మొదటిసారి మా పెనానికి పట్టిన గతే, చక్కెర మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. బెల్లం చిన్నచిన్న బుడగలుగా పొంగి, ముక్క అంచుల దగ్గర ముదురు ఎరుపులోకి తిరిగిన క్షణమే తీసేయాలి, ఇంకో పది సెకన్లు ఆగితే నలుపు. నువ్వులు వేయించి చల్లడం మర్చిపోకండి.

ఆ వాసనకు పక్కింటి అవ్వ గోడ మీద నుంచి తొంగి చూసి “ఏందే, అరిసెల పాకం పడుతున్నరా” అని అడిగింది. రెండు పుల్లలు ఇస్తే తిని, “కారం ఏది” అన్నది. ఆ మాట నిజమే, మన నోటికి కారం లేనిది సగం వంటే. ఎల్లిపాయ కారం పక్కన పెట్టుకున్నాం. జొన్నరొట్టెతో తిన్నాం, చాలా బాగుంది. మీరు ‘స్టికీ రైస్‌తో వడ్డించండి’ అని రాశారు కదా, అది ఎవరు తింటారు?

ఒక సంగతి మాత్రం మీ పేజీలో లేనిది మా అమ్మాయి చదివి చెప్పింది, నాకు అన్నింటికంటే అదే నచ్చింది. జపాన్‌లో 675లో తెమ్ము అనే చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలు తినకూడదని ఆజ్ఞ ఇచ్చాడట, అదీ ఏడాదిలో కొన్ని నెలలు. ఆ తర్వాత ఇంకా ఇంకా కట్టడులు వచ్చి, వెయ్యేళ్లకు పైగా అక్కడ పశువు మాంసం అంటే చాటుగా తినేదేనట. 1872లో మేజీ చక్రవర్తి తాను తిన్నట్టు అందరికీ తెలిసేలా చేశాకే మెల్లగా అది పెద్దవాళ్ల పళ్లేల్లోకి వచ్చింది. అక్కడ టెరియాకి అంటే ఎక్కువగా చేపకూ కోడికీ చేసేదేనట. ఈ పుల్లలకు గుచ్చే పెద్దకూర టెరియాకి హవాయి దీవుల్లో ఎక్కువ కనపడుతుందట. అక్కడికి జపాన్ వాళ్లు చెరకు తోటల్లో కూలికి పోయారు. ఇది విన్నాక మా అత్తగారు గుర్తొచ్చారు. వాళ్లది పాలమూరు వైపు, ఆమె పదిహేనేళ్ల వయసు నుంచి గుంపు మేస్త్రీ వెంట ప్రాజెక్టులు, కాలువలు, రోడ్లు అంటూ ఎన్ని రాష్ట్రాలు తిరిగిందో ఆమెకే లెక్క తెలియదు. ఎక్కడ గుడిసె వేస్తే అక్కడ దొరికిన చేప, దొరికిన ఆకు, దొరికిన కట్టె. గుజరాత్‌లో నేర్చుకున్న ఒక పప్పు ఇప్పటికీ చేస్తుంది, దాంట్లో వాళ్లు బెల్లం వేస్తే ఈమె చింతపండు వేస్తుంది. హవాయిలో ఆ కూలీలు కూడా ఇంట్లో ఉన్నట్టు అన్నీ దొరకాలని కూర్చొని ఉంటారా? అక్కడ ఉన్న మాంసం, అక్కడ ఉన్న చక్కెర. మరి నల్లగొండకు వచ్చేసరికి మాత్రం ఫ్లాంక్ స్టీకే కావాలా?

అందుకే అడుగుతున్నాను. పెద్దకూర వంట వేయండి, తప్పకుండా వేయండి, ఇంకా వేయండి. కానీ వేసేటప్పుడు దుకాణంలో ఏమని అడగాలో రాయండి, మన దగ్గర దొరికే మాంసం ఎట్ల ఉంటుందో తెలిసినవాళ్లతో రాయించండి. మా ఊళ్లో పెళ్లిళ్లకు వండే ఆడవాళ్లు ఉన్నారు, యాభై కిలోలు ఒక్క చేత్తో దించుతారు, వాళ్లను అడగండి. పేరు ఇంగ్లీషులో పెడితే ఎవరూ ఏమీ అనరని మీరు అనుకున్నారేమో నాకు తెలియదు, అనుకుంటే అది మీ ఇష్టం, నాకైతే తునకలను తునకలనే అర పేజీ ఫోటోతో చూడాలని ఉంది. పక్కన గోంగూర పెట్టండి, భలే కనపడుతుంది.

మొదట్లో చెప్తానన్న కారణం. మాకు ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. టు లెట్ బోర్డు చూసి వెళ్తే, కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత అని మాట్లాడుకున్నాక, చివర్లో నవ్వుతూనే “మీరు ఏం తింటారమ్మా” అని అడుగుతారు. ఇప్పుడున్న ఇంట్లో “ఆదివారం చికెన్ అండీ” అని చెప్పి చేరాం. ఓనరమ్మ మంచిదే, మా అమ్మాయికి జ్వరం వస్తే రాత్రి పదకొండింటికి ఆటో పిలిచింది, నేను అబద్ధం చెప్పను. కానీ పెద్దకూర మాత్రం ఆరేళ్లుగా మా అమ్మ దగ్గరికి పోయినప్పుడే. వచ్చేటప్పుడు డబ్బా కూడా తెచ్చుకోం.

కాబట్టి ఉత్తరం వేస్తే నా పేరు వేయకండి. షాపు పేరు రాయలేదు, మీరూ వేయకండి. ‘టైలర్’ అన్న మాట కూడా తీసేయొచ్చా అని ఆలోచించాను, తీసేస్తే పోగు సంగతి ఎవరికీ అర్థం కాదు, ఉండనివ్వండి, నల్లగొండలో టైలర్లు చాలామందిమి ఉన్నాం. కానీ ఓనరమ్మ మెట్ల మీద పేపర్ పెట్టడం, షాపుకి తెచ్చి ఫోటో చూపించడం, ఆటో పిలవడం, ఇవి మాత్రం కొట్టేయండి సార్. పేపర్ ముందు వాళ్లే చదువుతారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నల్లగొండ.